ఏసీ ఖాళీ మూసిన చోట గోడ ఎందుకు చీలుతుంది? అపోహలు - వాస్తవాలు

వానలు మొదలైతే చాలు, నాకు ఒకే రకం ఫోన్లు. పాత విండో ఏసీ తీసేసి ఆ ఖాళీ మూయించాం, ఇప్పుడు దాని చుట్టూ గీత గీసినట్టు చీలిక వచ్చింది, లోపల గోడ చెమ్మెక్కుతోంది అని. వాస్తు కోసం కిటికీ మూయించినవారిదీ ఇదే బాధ. ఆ వెంటనే అందరూ అనే మాట: "మేస్త్రీ సిమెంటు తక్కువ వేశాడండీ."

కాదు. నేను విప్పి చూసిన వాటిలో చాలాచోట్ల సిమెంటు ఎక్కువే పడింది. జనం చేత అన్నిటికన్నా ఎక్కువ డబ్బు తగలేయించే అపోహ ఇదే. సిమెంటు మితిమీరిన మాలు, అంటే సిమెంటూ ఇసుకా కలిపిన ముద్ద, ఆరేకొద్దీ ఎక్కువగా కుంచించుకుపోతుంది. పాత గోడ కదలదు కాబట్టి అతుకు దగ్గర తెగుతుంది. తొమ్మిదంగుళాల గోడకు ఒక పాలు సిమెంటుకు ఆరు పాళ్ల ఇసుక చాలు.

బలమంతా అతుకులో ఉంది. అంచుల చుట్టూ పాత పూతను (ప్లాస్టరింగును) ఆరంగుళాల మేర చెక్కి ఇటుకలు బయటపెట్టాలి. వరుస విడిచి వరుస సగం ఇటుక తీసి, కొత్తది పాత గోడలోకి చొచ్చుకుపోయేలా కట్టాలి. ఇటుకలను ముందే తడపాలి. ఎండు ఇటుక మాలులోని నీరు పీల్చేస్తే సిమెంటు గట్టిపడడానికి నీరే మిగలదు. లింటెల్ (ఖాళీ పైన అడ్డంగా ఉండే కాంక్రీటు దిమ్మె) కింది చివరి వరుసను అదే రోజు బిగించకూడదు. కింది మాలు సర్దుకున్నాక, రెండు మూడు రోజులకు కూరాలి. పూతకు ముందు అతుకుకు రెండు వైపులా ఆరేసి అంగుళాలు వచ్చేలా చికెన్ మెష్ (సన్నటి ఇనుప జాలీ) కొట్టాలి. బయటి పూత రెండు విడతల్లో, మొత్తం 20 మిల్లీమీటర్లు. ఆపైన కనీసం 7 రోజులు నీళ్లు పట్టాలి.

మల్కాజిగిరిలో ఒక రిటైర్డ్ టీచరమ్మ, ఇలా మూయించిన ఖాళీ చుట్టూ చీలిక వచ్చిందని ఆ గదిలో పడుకోవడమే మానేశారు. పునాది కుంగిందని ఎవరో భయపెట్టారట. పాపం, వాటర్‌ప్రూఫ్ రంగు రెండుసార్లు వేయించారు. పూత చెక్కి చూస్తే లోపల పగిలిన టైల్స్ ముక్కలు, వార్తాపత్రికల ఉండలు. ఆ కాగితం ఇంకా తడిగానే ఉంది. "అమ్మా, మీ పునాదికి ఏమీ కాలేదు" అంటే ఆవిడ అక్కడే కుర్చీలో కూలబడ్డారు. ఇలాంటి పుకార్లు పుట్టించేవారిని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. మూసిన ఖాళీ అంచుల వెంబడి తిన్నగా పోయే చీలిక అతుకుది. మూల నుంచి ఏటవాలుగా సాగి, రోజురోజుకూ వెడల్పయ్యేదైతే అప్పుడు స్ట్రక్చరల్ ఇంజినీరును పిలవండి. ఎండకూ చలికీ కదిలే చీలికను రంగు ఆపలేదు.

మిగతావి క్లుప్తంగా. ఫోమ్‌తో నింపితే చాలదు, ఎండ తగిలితే పొడిపొడిగా రాలుతుంది. ఎర్ర ఇటుక గోడ మధ్య తేలిక బ్లాకులు పెట్టకండి, రెండిటి కదలికా వేరు. తడి ఆరని గోడకు పుట్టీ పెట్టకండి.

ఒక్కటి మాత్రం తేలిగ్గా తీసుకోకండి. గ్యాస్ గీజర్ ఉన్న స్నానాల గదిలో వెంటిలేటర్ మూయకూడదు. కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ లేదు, వాసనా లేదు. మొన్న చలికాలం ఒకాయన చలిగాలి వస్తోంది, మూసేయమన్నారు. గీజర్‌ను గది బయటికి మార్చేదాకా ఒక్క ఇటుక కూడా పెట్టనన్నాను. నాలుగు రోజులు కోపంగా ఉన్నారు, అయిదో రోజు ప్లంబరును పిలిపించారు.