దెయ్యం గోటి గాట్లు

నల్లబల్ల మీద సుద్దముక్క కీచుమన్నప్పుడు మాస్టారు ఏం చేసేవారో గుర్తుందా? పుటుక్కున సగానికి విరిచి మళ్లీ రాసేవారు. కీచు ఆగిపోయేది. సుద్ద అదే, బల్ల అదే, చెయ్యీ అదే. మారింది ముక్క పొడవు ఒక్కటే. 1960లలో జపాన్‌లోని హిరోషిమాలో ఒక కారు ఇంజిన్‌ను గట్టెక్కించిన ఉపాయం దీనికి దగ్గరి చుట్టం.

ఇప్పుడు మాజ్డాగా మనకు తెలిసిన కంపెనీ 1961లో జర్మనీకి చెందిన ఎన్‌ఎస్‌యు నుంచి రోటరీ ఇంజిన్ తయారీ హక్కులు తీసుకుంది. ఫెలిక్స్ వాంకెల్ ఊహించిన ఆ ఇంజిన్‌లో పైకీ కిందకీ కొట్టుకునే పిస్టన్ ఉండదు. పక్కలు కాస్త ఉబ్బిన ముక్కోణపు రోటర్ ఒకటి, నడుము దగ్గర నొక్కుకుపోయిన వేరుశనక్కాయ లాంటి గదిలో తిరుగుతుంది. దాని మూడు మూలలూ గోడను ఎప్పుడూ వదలకూడదు. సందు వస్తే మండే వాయువు పక్క అరలోకి జారిపోతుంది, ఇంజిన్ బలం పోతుంది. అందుకని ఒక్కో మూలలో గాడి కోసి, అందులో సన్నని పట్టీ పెట్టి, వెనక నుంచి స్ప్రింగుతో తోస్తారు. దీన్ని ఎపెక్స్ సీల్ అంటారు. గీతంత కొసతోనే అది గోడను తాకాలి. పైగా రోటర్ తిరుగుతున్నంతసేపూ సీల్ గోడ మీద వాలే కోణం మారిపోతూ ఉంటుంది.

తొలి నమూనాలు విప్పి చూస్తే, గట్టి క్రోమ్ పూత వేసిన గోడ మీద అలలు అలలుగా అడ్డగాట్లు కనిపించాయి. ఇంజనీర్లు వాటిని ‘దెయ్యం గోటి గాట్లు’ అన్నారు.

1963లో మాజ్డాలో ఇంజనీర్ కెనిచీ యమమోతో నాయకత్వంలో 47 మందితో రోటరీ పరిశోధన విభాగం ఏర్పడింది. గోడ అరిగిపోతోందంటే ఎవరికైనా ముందు తట్టేది ఇంకా గట్టి లోహం వెతకాలనే. కానీ గాట్ల తీరు చూడండి. ఉత్త రాపిడైతే గోడ నున్నగా అరగాలి, అలలు పడకూడదు. సీల్ జారడం లేదు, గెంతుతోంది. గోడను పట్టుకుంటుంది, వంగుతుంది, విడిపోతుంది, మళ్లీ పట్టుకుంటుంది. సుద్దను నిలబెట్టి ముందుకు తోస్తే బల్ల మీద గీతకు బదులు చుక్కల వరస పడుతుందే, అచ్చం అలాగే. ప్రతి వస్తువుకూ తనదైన కంపన వేగం ఒకటుంటుంది. రాపిడి దాన్ని రెచ్చగొట్టిందంటే ఎంత గట్టి పూతయినా నిలవదు.

అందుకని సీల్ కొసకు దగ్గరగా, ఒకదానికొకటి అడ్డంగా రంధ్రాలు తొలిచారు. దాంతో సీల్ కంపించే వేగం మారింది, గాట్లు ఆగాయి, నమూనా ఇంజిన్ 300 గంటలు ఏకబిగిన పరిగెత్తింది. ఈ మొత్తం కథలో నాకు బాగా నచ్చేవి ఆ రంధ్రాలే. మనసుపెట్టి చూసినవాళ్లకు తప్ప తట్టే ఆలోచన కాదది. అమ్మకానికి వెళ్లిన ఇంజిన్‌లో మాత్రం అల్యూమినియం ఇంకించిన కార్బన్ సీళ్లు వాడారు. నిప్పన్ కార్బన్ సంస్థతో కలిసి తయారుచేసినవి అవి. తేలికైనవి, తమంతట తామే జారే గుణం ఉన్నవి.

రోటర్ తిరిగే గదిలోకి నూనె చేరి తెల్లటి పొగ రావడం ఇంకో తలనొప్పి. ఆయిల్ సీళ్లకు రబ్బరు రింగులు జోడించి దాన్నీ సరిచేశారు.

1967 మేలో ఈ ఇంజిన్‌తో మాజ్డా కారు కాస్మో స్పోర్ట్ అమ్మకానికి వచ్చింది. మరుసటి ఏడాది జర్మనీలోని నూర్బుర్గ్‌రింగ్ రేసు బాటలో 84 గంటల పరుగుకు రెండు కాస్మోలు దిగాయి. ఒకటి 82వ గంటలో ఇరుసు దెబ్బతిని ఆగింది, రెండోది నాలుగో స్థానంలో ముగించింది. 1967లోనే వచ్చిన ఎన్‌ఎస్‌యు వారి రోటరీ కారు ఆర్‌ఓ 80కి ఆ అదృష్టం లేదు. దాని తొలి ఇంజిన్లు సీళ్ల దగ్గరే దెబ్బతిన్నాయి. వారంటీ కింద ఇంజిన్లు మార్చి ఇచ్చీ ఇచ్చీ కంపెనీ నలిగిపోయి, 1969లో ఫోక్స్‌వ్యాగన్ గొడుగు కిందికి చేరింది.

మాజ్డా 2023లో ఎలక్ట్రిక్ కారుకు తోడుగా, బ్యాటరీకి విద్యుత్తు అందించే చిన్న రోటరీని తెచ్చింది. అందులోనూ ఎపెక్స్ సీల్ మందాన్ని మునుపటి రోటరీలోని 2 మిల్లీమీటర్ల నుంచి 2.5కి పెంచారు.