ఆకులో విషం, పురుగులో విరుగుడు

పొగాకు చేను పక్కన మల్బరీ తోట వేయకూడదని పట్టుపురుగులు పెంచే రైతులకి మొదట్లోనే చెబుతారు. టంగుటూరు, కొండపి వైపు ఎటు చూసినా పొగాకే కాబట్టి మన ప్రకాశం జిల్లాలో ఈ జాగ్రత్త గురించి ఇంకాస్త గట్టిగా చెప్పాలి. పొగాకు నుంచి వచ్చే నికోటిన్ గాలిలో కలిసి పక్కనున్న మల్బరీ ఆకుల మీదకి చేరుతుంది. ఆ ఆకు తిన్న పట్టుపురుగు తల పైకెత్తి, ముందు భాగం ఉబ్బి, గోధుమరంగు ద్రవం కక్కి పడిపోతుంది. ఎవరూ మందు కొట్టలేదు. పొగాకు మొక్క తన్ను తాను కాపాడుకోవడానికి తయారుచేసుకున్న విషమే పక్కతోటలో పురుగుల్ని చంపేసింది.

"మొక్కల నుంచి తీసిన మందే కదా, ఏం కాదులే" అనే మాట ఈమధ్య మరీ ఎక్కువగా వినిపిస్తోంది కాబట్టి దీంతో మొదలుపెట్టాను. మొక్కల మందుల మీద పరిశోధన బాగా జరగాలని కోరుకునేవాళ్ళలో నేనూ ఒకణ్ణి, అందుకే ఈ మాట వింటే నాకు టెన్షన్. నికోటిన్ మొక్కలోదే. నరం నుంచి నరానికి కబురు అందించే ఎసిటైల్‌కోలిన్ అనే పదార్థం వెళ్ళి అతుక్కోవాల్సిన చోట ఇది అతుక్కుని కూర్చుంటుంది. మన ఒంట్లోనూ అలాంటి చోట్లు ఉన్నాయి, తడిగా ఉన్న పొగాకు ఆకు తుంచే కూలీలకి తలతిరగడం, వాంతులు వచ్చేది అందుకే. షాపుల్లో దొరికే ఇమిడాక్లోప్రిడ్ అనే పురుగుమందు కూడా సరిగ్గా ఆ చోటే పనిచేస్తుంది, కాకపోతే మనిషి నరాలకంటే పురుగు నరాలకి ఎక్కువగా అతుక్కునేలా లాబ్‌లో తయారైంది. అంటే మందు చెట్టుదా ఫ్యాక్టరీదా అన్నది రెండో ప్రశ్న. అది ఏ జీవిలో, ఎక్కడ, ఎలా పనిచేస్తుంది, ఎన్నాళ్ళకి విరిగిపోతుంది అన్నవి ముందు అడగాల్సినవి.

ఈ ప్రశ్నలకి జవాబు వెతకడంలో శాస్త్రవేత్తలకి పట్టుపురుగు చేసినంత సాయం చాలా తక్కువ పురుగులు చేశాయి. పొగాకు లద్దె పురుగు, శనగపచ్చ పురుగు, పట్టుపురుగు మూడూ రెక్కల పురుగుల పిల్లలే, ఒకే పెద్ద కుటుంబానికి చెందినవి. మొదటి రెండింటినీ చంపాలనుకుంటాం, మూడోదాన్ని బతికించాలనుకుంటాం. ఏ పురుగు ఎందుకు చస్తుంది, ఏది ఎందుకు బతుకుతుంది అన్నది తెలిస్తే తప్ప రెండు పనులూ సరిగ్గా చేయలేం.

మల్బరీ ఆకునే తీసుకోండి. అదీ ఒక పురుగుమందే. ఆకు తుంచితే తొడిమ దగ్గర తెల్లటి పాలు కారతాయి. జపాన్‌లో కోతారో కొన్నో, ఆయన బృందం 2006లో ప్రచురించిన పరిశోధనలో ఆ పాలలో చక్కెరని పోలిన ఆల్కలాయిడ్లు (మొక్కలు తయారుచేసుకునే ఒక రకం రసాయనాలు) బాగా గాఢంగా ఉన్నాయని తేలింది. ఆముదం ఆకు తినే ఎరి పట్టుపురుగుకి, క్యాబేజీని తినే ఒక గొంగళిపురుగుకి మల్బరీ ఆకు పెడితే అవి ఎదగలేదు. ఆకుని సన్నగా తరిగి పాలు పోయేలా కడిగి పెడితే మాత్రం బాగానే పెరిగాయి. మనం పెంచే మామూలు పట్టుపురుగు మాత్రం ఆ పాలతో సహా ఆకంతా తిని పెరుగుతోంది, వేల ఏళ్ళుగా.

ఎలా? ఆకులోని చక్కెర సుక్రోజ్. గ్లూకోజ్, ఫ్రక్టోజ్ రెండూ అతుక్కుంటే సుక్రోజ్ అవుతుంది. చాలా పురుగుల కడుపులోని ఎంజైమ్, అంటే తిండిని అరిగించే ప్రొటీన్, దాన్ని గ్లూకోజ్ వైపు నుంచి పట్టుకుని విడగొడుతుంది. మల్బరీ పాలలోని ఆల్కలాయిడ్ గ్లూకోజ్‌లాగే ఉంటుంది కాబట్టి, తాళంలో తప్పు చెవి ఇరుక్కున్నట్టు, ఆ ఎంజైమ్‌లో ఇరుక్కుని పని ఆపేస్తుంది. చక్కెర ఉన్నా అరగదు, పురుగు తింటూనే మాడిపోతుంది. పట్టుపురుగులో ఇంకో ఎంజైమ్ కూడా ఉంది, అది సుక్రోజ్‌ని ఫ్రక్టోజ్ వైపు నుంచి పట్టుకుంటుంది, అందుకని ఆ విషం దాన్ని ఆపలేదు. 2008లో జపాన్ శాస్త్రవేత్తలు ఆ ఎంజైమ్ జన్యువుని గుర్తించారు. అలాంటి ఎంజైమ్ జంతువుల్లో ఉండదని అప్పటిదాకా అనుకునేవాళ్ళు, పైగా ఆ జన్యువు బాక్టీరియా జన్యువుల్ని పోలి ఉంది. ఎప్పుడో పాతకాలంలో ఒక బాక్టీరియా నుంచి పురుగు వంశంలోకి వచ్చి చేరిందన్నమాట. అంటే మనం పవిత్రంగా కట్టుకునే పట్టుచీర వెనక, మనిషి చెయ్యి పడకముందే జరిగిన జన్యుమార్పిడి ఒకటి ఉంది. జన్యుమార్పిడి అనగానే ప్రకృతికి విరుద్ధం అని కొట్టిపారేసేవాళ్ళకి నేను ముందు ఈ సంగతే చెబుతాను.

ఇంకో మాట, ఆ పాలలో ఉండే ఆల్కలాయిడ్లలో ఒకటైన డీఆక్సీనోజిరిమైసిన్ నుంచి తయారైనదే షుగర్ వ్యాధికి వాడే మిగ్లిటాల్ మాత్ర. పురుగులో చక్కెర అరగకుండా చేసేది మనిషిలోనూ ఆ పనే చేస్తుంది, డోసు చూసి వాడితే మందు.

ఇప్పుడు వేప దగ్గరికి వద్దాం. వేపగింజలోని అజాడిరాక్టిన్‌ని 1968లో వేరుచేశారు, దాని నిర్మాణం సరిగ్గా తేలేసరికి 1985 అయింది. లాబ్‌లో మొదటి నుంచి తయారుచేయడానికి కేంబ్రిడ్జ్‌లో స్టీవెన్ లే బృందానికి 22 ఏళ్ళు పట్టి 2007లో కుదిరింది. అంత చిక్కు అణువుని మన ఊరి చెట్టు ఏటా ఊరికే కాస్తోంది. ఇది నికోటిన్‌లా నరాల మీద పడదు. పురుగుకి తిండి మీద ఇష్టం పోయేలా చేస్తుంది, ఇంకా కుబుసం విడిచే హార్మోన్ల లెక్క తప్పిస్తుంది. ఆ హార్మోన్ పేరు ఎక్డైసోన్, దాన్ని మొదట పట్టింది కూడా పట్టుపురుగులోనే. 1954లో జర్మనీలో బుటెనాంట్, కార్ల్‌సన్ 500 కిలోల పట్టుపురుగు ప్యూపాల (గూటిలో చిలకగా మారే దశలో ఉన్న పురుగుల) నుంచి 25 మిల్లీగ్రాములు తీశారు.

పట్టు రైతులు "జ్వరానికి కూర్చున్నాయి" అంటారే, పురుగు మేత మానేసి కుబుసం విడవడానికి సిద్ధమయ్యే ఆ సమయంలోనే వేప దెబ్బ తగులుతుంది. వేప మందుకి లద్దె పురుగు వేరు, పట్టుపురుగు వేరు అని తెలియదు. మల్బరీకి వేపనూనె కొట్టినా తగినన్ని రోజులు ఆగాకే ఆకు కోయాలనేది అందుకే.

అలాగని వేపని తక్కువ చేయడం లేదు, నా లెక్కలో మన రైతుకి అందుబాటులో ఉన్న మంచి మందుల్లో అదొకటి. 5 కిలోల గింజల పప్పు పొడి చేసి, రాత్రంతా నీళ్ళలో నానబెట్టి, వడకట్టి, 100 లీటర్లకి సరిపెట్టి, కాస్త సబ్బుపొడి కలిపి కొడితే అదే 5 శాతం వేప కషాయం. అజాడిరాక్టిన్ ఎండకి త్వరగా విరిగిపోతుంది కాబట్టి సాయంత్రం కొట్టాలి, మళ్ళీ మళ్ళీ కొట్టాలి. రైతుకి ఇది ఇబ్బందే, నేలకీ నీళ్ళకీ మాత్రం మంచిది. ఎదిగిన పురుగు మీద పెద్దగా పనిచేయదు, చిన్నప్పుడే కొట్టాలి. ఈ పరిమితులు చెప్పకుండా "సహజం" అని ఒక్క ముక్కతో అమ్మేవాళ్ళ మీద నాకు కోపం. 2021లో మిర్చిని నల్ల తామర పురుగు ఊడ్చేసినప్పుడు "బయో" అని రాసున్న సీసాలు ఎన్ని అమ్ముడుపోయాయో మిర్చి వేసిన వాళ్ళకి తెలుసు. వాటిలో ఏముందో, ఎంత శాతమో చాలా సీసాల మీద లేదు. లోపల రసాయన మందు కలిపి పైన ఆకు బొమ్మ వేసినవీ దొరికాయి. వేప మందు కొనేటప్పుడు అజాడిరాక్టిన్ ఎన్ని పీపీఎం (పది లక్షల్లో ఎన్ని భాగాలు) అన్నది చూసి, బిల్లు తీసుకుని కొనండి.

బీటీ అనే బాక్టీరియా నుంచి తీసిన, పురుగుని చంపే ప్రొటీన్ జన్యువుని పెట్టిన బీటీ పత్తి గురించి అందరికీ తెలుసు, మన దేశంలోకి 2002లో వచ్చింది. ఆ బాక్టీరియా మొదట దొరికింది పత్తి చేలో కాదు, పట్టుపురుగుల షెడ్డులో. 1901లో జపాన్‌లో ఇషివాటా షిగెతానే ఉన్నట్టుండి చనిపోతున్న పట్టుపురుగుల్లో దాన్ని గుర్తించాడు. పట్టు రైతుకి రోగమైనది తర్వాత మిగతా రైతులకి మందైంది. కొన్నాళ్ళకి పురుగులు బీటీకి అలవాటుపడటం మొదలైంది, ఎందుకో తేల్చడానికి మళ్ళీ పట్టుపురుగే పనికొచ్చింది. బీటీని తట్టుకునే పట్టుపురుగు రకంలో ఏబీసీసీ2 అనే జన్యువు తయారుచేసే ప్రొటీన్‌లో ఒక్క అమైనో ఆమ్లం (ప్రొటీన్ గొలుసులో ఒక పూస) అదనంగా ఉందని 2012లో చూపించారు. తట్టుకునే పురుగులోకి మామూలు జన్యువుని ఎక్కించి చూస్తే, అది మళ్ళీ బీటీకి లొంగింది. ఇంత నిక్కచ్చిగా రుజువు చేయగలిగింది పట్టుపురుగులో జన్యువు మార్చే పద్ధతి చేతిలో ఉండబట్టే. ఆ పద్ధతి 2000లో జపాన్‌లో తమురా బృందం సాధించింది, క్యాబేజీ పురుగులో దొరికిన పిగ్గీబ్యాక్ అనే గెంతే జన్యువుని (ఒకచోటు నుంచి ఇంకోచోటుకి మారే డీఎన్‌ఏ ముక్కని) వాహనంగా వాడి, జెల్లీఫిష్‌లో పచ్చగా వెలిగే ప్రొటీన్ జన్యువుని గుడ్డులోకి పంపారు.

మన దగ్గరా ఈ పని జరిగింది. గ్రాసరీ అనే వైరస్ రోగం వస్తే పురుగు ఉబ్బి, చర్మం పగిలి పాలలాంటి ద్రవం కారి చస్తుంది, ఆ ద్రవం తగిలిన ఆకు తిన్నవన్నీ వరసగా పోతాయి. మందు లేదు, సున్నం, బ్లీచింగ్ పౌడర్‌తో షెడ్డు కడుక్కోవడమే. హైదరాబాద్‌లోని డీఎన్‌ఏ పరిశోధన కేంద్రం సీడీఎఫ్‌డీలో జె. నాగరాజు బృందం, హిందూపురం దగ్గర కిరికెరలోని పట్టు పరిశోధన సంస్థతో కలిసి, ఆ వైరస్‌కి తప్పనిసరైన నాలుగు జన్యువుల్ని నోరు మూయించే ఆర్‌ఎన్‌ఏని (డీఎన్‌ఏని పోలిన అణువుని) పురుగే సొంతంగా తయారుచేసుకునేలా మార్చింది. ఆ పురుగులు వైరస్‌ని బాగా తట్టుకున్నాయి. ఆ ఫలితం 2013లో అచ్చయింది, అంతకు కొద్ది రోజుల ముందే, 2012 డిసెంబర్ 31న, నాగరాజు గారు కన్నుమూశారు.

జన్యువు మార్చి సాలీడు దారం నేసేలా చేసిన పట్టుపురుగుల గురించి వార్తలు బాగా వస్తాయి, వెంకటగిరి నేతగాళ్ళకి అది ఎప్పటికి అందుతుందో గానీ, నాకైతే గ్రాసరీని తట్టుకునే పురుగే ముఖ్యం. పెంపుడు పట్టుచిలక ఎగరలేదు, మనిషి మేత పెట్టకపోతే బతకదు, కాబట్టి మార్చిన జన్యువు ఊరి మీద పడుతుందన్న భయం పత్తితో పోలిస్తే ఇక్కడ చాలా తక్కువ. దాని అడవి చుట్టం బాంబిక్స్ మాండరీనా ఉండేది చైనా, జపాన్, కొరియా వైపు. అయినా పరీక్షలు అన్నీ జరగాలి, కొన్ని తరాలు పెంచాక కూడా ఆ గుణం నిలుస్తోందా, వైరస్ మారి తప్పించుకుంటోందా, గూడు బరువు తగ్గుతోందా అన్నవి రైతు షెడ్డులోనే, ఎండాకాలంలో కూడా చూడాలి. ఆ ఫలితాలు తెలుగులో, పట్టు రైతు చదివేలా అచ్చువేయాలి.