ప్లగ్గు దిగిందని పవర్ ఇవ్వకండి: పాత గ్రాఫిక్స్ కార్డులు, మానిటర్లపై అపోహలు - వాస్తవాలు

పాత గ్రాఫిక్స్ కార్డు (పీసీ నుంచి మానిటర్‌కు బొమ్మ పంపే కార్డు) ఫొటో పంపి "అన్నా, ఇదేం కార్డు?" అని అడిగేవాళ్లను నేను ముందు అడిగేది ఒకటే: దేనికైనా తగిలించి పవర్ ఇచ్చావా? చాలాసార్లు "ఇచ్చానన్నా, ప్లగ్గు సరిగ్గా కూర్చుంది" అంటారు. ఇన్నేళ్లుగా మానిటర్లను తగలబెడుతున్నది ఆ ధీమానే. అందుకే దీని గురించి కాస్త పొడుగ్గానే రాస్తాను, మిగతావి గబగబా కానిచ్చేస్తాను.

అపోహ: 9 పిన్‌ల ప్లగ్గు 9 పిన్‌ల సాకెట్‌లోకి దిగిందంటే ఆ కార్డుకు ఆ మానిటర్ సరిపోయినట్టే

సరిపోయినట్టు కాదు. 1981లో పీసీతో పాటు ఐబీఎం ఎండీఏ (ఒకే రంగుది), సీజీఏ (రంగులది) అని రెండు కార్డులు తెచ్చింది. 1982లో హెర్క్యులిస్ కంపెనీ ఒకే రంగు కార్డు వచ్చింది. 1984లో మళ్లీ ఐబీఎం నుంచే ఈజీఏ, పీజీసీ అనే రంగుల కార్డులు వచ్చాయి. ఈ అయిదింటికీ వెనకవైపు అదే 9 పిన్‌ల సాకెట్. అందులోంచి బయటికొచ్చే సిగ్నల్ మాత్రం వేరు. ఎండీఏ హారిజాంటల్ ఫ్రీక్వెన్సీ (సెకనుకు ఎన్ని అడ్డగీతలు గీస్తుందో ఆ లెక్క) 18.43 కిలోహెర్ట్జ్, హెర్క్యులిస్ కూడా అదే మానిటర్ కోసం చేసింది కాబట్టి దాదాపు అంతే. సీజీఏది 15.7. ఈజీఏ 350 లైన్ల మోడ్‌లో సుమారు 21.8, 200 లైన్ల మోడ్‌లో మళ్లీ 15.7. పీజీసీది 30 దాటుతుంది. పైగా అది అనలాగ్, అంటే వోల్టేజీ ఎంతో దాన్నిబట్టి రంగు; మిగతావన్నీ టీటీఎల్, అంటే సిగ్నల్ ఉందా లేదా అంతే.

పిన్నుల పని కూడా ఒక్కటి కాదు. ఎండీఏ, సీజీఏల్లో 2వ పిన్ను గ్రౌండ్. ఈజీఏలో అదే పిన్ను మీద సెకండరీ రెడ్ (ఎరుపు రంగుకు రెండో సిగ్నల్) వస్తుంది. ఐబీఎం ఈజీఏ కార్డు మీద ఉన్న జంపర్ (పిన్నుల మీద తొడిగి మార్చే చిన్న క్లిప్పు) దీని కోసమే. దాన్ని చూడకుండా సీజీఏ మానిటర్ తగిలిస్తే సిగ్నల్‌ను నేరుగా గ్రౌండ్‌కు కలిపినట్టే.

"ఫ్రీక్వెన్సీ తేడా వస్తే బొమ్మ దొర్లుతుంది, అంతే కదా?" అంటారు, టీవీ చూసిన అలవాటుతో. టీవీకి సొంత ఆసిలేటర్ (ఆ వేగాన్ని తానే పుట్టించే సర్క్యూట్) ఉంటుంది, సిగ్నల్ రాకపోయినా అది తన పని తాను చేసుకుపోతుంది. ఎండీఏ కోసం చేసిన ఐబీఎం 5151 మోనోక్రోమ్ (ఒకే రంగు) మానిటర్‌లో అది లేదు. కార్డు పంపే సింక్ పల్సే (ప్రతి గీత ఎప్పుడు మొదలవ్వాలో చెప్పే సిగ్నల్) గీతలు గీయించే లైన్ అవుట్‌పుట్ స్టేజీని నడుపుతుంది. ఆ పల్స్ తప్పు వేగంతో వస్తే భారమంతా ట్రాన్సిస్టర్ మీద, ట్యూబ్‌కు వేల వోల్టులిచ్చే ఈహెచ్‌టీ ట్రాన్స్‌ఫార్మర్ మీద పడుతుంది. అప్పుడు సన్నగా కీచుమని ఈల వినిపిస్తుంది. అది వినగానే ఇక స్క్రీన్ వైపు చూడొద్దు, పీసీ ఆపేయండి. 5151కి విడిగా పవర్ స్విచ్ కూడా లేదు, దాని కరెంటు వైరు పీసీ వెనక సాకెట్‌లోకే వెళ్తుంది.

"సాఫ్ట్‌వేర్‌తో మానిటర్ కాలిపోవడం ఉత్త పుకారు" అని కొట్టిపారేసేవాళ్లు కూడా ఈ 5151 దగ్గర తప్పే. కార్డు మీద సింక్‌ను తయారుచేసే 6845 చిప్ రిజిస్టర్లలో (సెట్టింగుల్లో) తప్పు విలువలు రాస్తే సింక్ టైమింగే మారిపోతుంది. తైవాన్ క్లోన్ కార్డుల్లో (ఐబీఎం కార్డులకు నకళ్లలో) చాలావాటికి మోనో, కలర్ మార్చే స్విచ్చో జంపరో ఉంటుంది. అది ఎటువైపు ఉందో చూడకుండా పవర్ ఇస్తే అదే ప్రమాదం.

గుంటూరు నుంచి ఒక కుర్రాడు వచ్చాడు. మూతపడిన వాళ్ల నాన్న డీటీపీ సెంటర్ సామాను, అట్టపెట్టె నిండా కార్డులు, 5151 తరహా మోనో మానిటర్ ఒకటి. నాన్న పోయాక ఆ స్క్రీన్ మీద పచ్చ అక్షరాలు మళ్లీ చూడాలని అతని కోరిక. దానికని బయట ఒక కార్డు కొన్నాడు. అది అమ్మినవాడు "ప్లగ్గు సరిపోతే చాలు తమ్ముడూ" అన్నాడట. స్విచ్ కలర్ వైపు ఉంది. ఈల, కాలిన వాసన, చీకటి. నా దగ్గర కూర్చున్నంతసేపూ "నేనే పాడుచేశానన్నా" అంటూనే ఉన్నాడు. లైన్ ట్రాన్సిస్టర్ షార్ట్. ఈహెచ్‌టీ మాత్రం అదృష్టం కొద్దీ బతికింది. దానికి సరిపోయే స్పేర్ ఇప్పుడు దొరకాలంటే ఇంకో మానిటర్‌ను చంపాల్సిందే. ఆ కుర్రాడిది తప్పని నేను అనను. తెలియకపోయినా తెలిసినట్టు చెప్పి అమ్మేవాళ్ల మీదే నా కోపమంతా.

దీనికి తోడు ఇంకోటి. అమెరికాలో ఉన్న అన్నయ్యో బావో సూట్‌కేసులో పెట్టుకొచ్చిన మానిటర్ వెనక 120 వోల్టులని రాసి ఉంటే మన 230 వోల్టుల సాకెట్‌లో పెట్టకండి. స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ కావాలి.

9 నుంచి 15 పిన్నులకు మార్చే చవక అడాప్టర్లు కూడా కొనకండి. అవి వైర్లను కలుపుతాయంతే, సిగ్నల్‌ను మార్చవు. టీటీఎల్ 5 వోల్టుల సిగ్నల్, 15 పిన్నుల వీజీఏ (తర్వాత వచ్చిన అనలాగ్ రకం) రంగులకు 0.7 వోల్టులే, ఫ్రీక్వెన్సీ 31.5 కిలోహెర్ట్జ్. సీజీఏ కార్డును ఇప్పటి స్క్రీన్ మీద చూడాలంటే కన్వర్టర్ కావాలి. రాస్‌బెర్రీ పై జీరోతో నడిచే ఆర్‌జీబీ2హెచ్‌డీఎమ్‌ఐ లాంటిదైతే ఎండీఏ, సీజీఏ, ఈజీఏ మూడూ తీసుకుంటుంది.

అపోహ: అయితే ఏ పాత మానిటర్‌నూ ముట్టుకోకూడదు

ఇది చదివి టెన్షన్ పడేవాళ్లుంటారని తెలుసు, కాబట్టి చెబుతున్నా. ఎన్ఈసీ 1985లో మల్టీసింక్ తెచ్చాక రకరకాల ఫ్రీక్వెన్సీలు తట్టుకునే మానిటర్లు మామూలయ్యాయి. తొంభైల చివర్లో వచ్చిన సీఆర్టీ (పిక్చర్ ట్యూబ్) మానిటర్లు తమకు అందని సిగ్నల్ వస్తే "అవుట్ ఆఫ్ రేంజ్" అని చెప్పి ఊరుకుంటాయి. భయపడాల్సింది ఒకే ఫ్రీక్వెన్సీకి కట్టుబడిన పాత వాటితోనే. వెనక లేబుల్ మీద మోడల్ నంబరుంటుంది, దాని మాన్యువల్‌లో హారిజాంటల్ ఫ్రీక్వెన్సీ చూశాకే కార్డు వెతకండి.

అపోహ: పెద్ద చిప్ మీద ఉన్న పేరే కార్డు పేరు

ట్సెంగ్ ల్యాబ్స్ ఈటీ4000 చిప్‌తో ఎన్నో కంపెనీలు కార్డులు చేశాయి. ట్రైడెంట్, ఓక్, సిరస్ లాజిక్ చిప్‌లదీ అదే కథ. డ్రైవర్ కోసమైతే చిప్ పేరు చాలావరకు సరిపోతుంది, కార్డు ఎవరు చేశారో తెలియాలంటే చాలదు. స్టిక్కర్ మీద ఎఫ్‌సీసీ ఐడీ (అమెరికా కమ్యూనికేషన్ల నియంత్రణ సంస్థ ఇచ్చే అనుమతి నంబరు) ఉందేమో చూడండి. అందులో మొదటి మూడు అక్షరాలు అనుమతి తీసుకున్న కంపెనీ కోడ్, ఎఫ్‌సీసీ సైట్‌లో వెతకొచ్చు. అది పెట్టె మీద బ్రాండ్ కాకుండా అసలు తయారీదారు పేరు చూపించవచ్చు, కంగారుపడకండి. చిప్ మీద 8743 అని ఉంటే అది 1987లో 43వ వారం. కార్డు అంతకు ముందు తయారై ఉండదు, తర్వాత ఎప్పుడైనా అయి ఉండొచ్చు.

అపోహ: కార్డు మీద రామ్ కాని చిప్ ఏదున్నా అది బయోస్

ఎండీఏ, సీజీఏ, హెర్క్యులిస్‌లకు సొంత బయోస్ (పీసీ ఆన్ కాగానే కార్డును సిద్ధం చేసే ప్రోగ్రామ్) లేదు. అక్కడున్న రోమ్‌లో ఉండేది అక్షరాల ఆకారాలు. ఈజీఏ, వీజీఏలకు ఉంటుంది. డాస్‌లో డీబగ్‌తో (మెమరీలోకి చూపించే ప్రోగ్రామ్) మెమరీలోని సీ000 సెగ్మెంట్ తెరిస్తే, బయోస్ మొదలయ్యే గుర్తు 55 ఏఏ తర్వాత కాపీరైట్ పేరు కనిపిస్తుంది. స్టిక్కర్ ఊడిపోయిన కార్డును పోల్చుకోవడానికి నేను ముందు వెళ్లేది అక్కడికే. ఐబీఎం అనే మాట కనబడితే అది ఐబీఎం కార్డని గంతులేయకండి, క్లోన్లు కూడా ప్రోగ్రాముల కోసం ఆ మాట పెట్టుకునేవి.

అపోహ: ప్లగ్గు తీసేశాం కాబట్టి మానిటర్ విప్పొచ్చు

వద్దు. పిక్చర్ ట్యూబ్ వేల వోల్టులను లోపలే దాచుకుంటుంది, ప్లగ్గు తీసి రోజులైనా సరే. టీవీ మెకానిక్ పక్కన లేకుండా విప్పకండి.

అపోహ: పాత మానిటర్‌లో రెడ్ మెర్క్యురీ ఉంటుంది

లేదు. అది లక్షలు పలుకుతుందనేది ఉత్త పుకారు. ఆ బేరం మాటలు విని ట్యూబులు పగలగొట్టకండి. ఆ గాజులో సీసం ఉంటుంది, పగిలితే ముక్కలు మీదికి ఎగురుతాయి.

అపోహ: జిస్ట్ కార్డు పనికిరాని పాత వీజీఏ కార్డు

ప్రభుత్వ ఆఫీసుల తుక్కులో ఇవి అప్పుడప్పుడు కనబడతాయి. ఐఐటీ కాన్పూర్‌లో మొదలై పుణెలోని ప్రభుత్వ కంప్యూటర్ పరిశోధన సంస్థ సీడాక్‌లో పెరిగిన పని ఇది. డాస్ మీద డీబేస్, వర్డ్‌స్టార్ లాంటి టెక్స్ట్ ప్రోగ్రాముల్లో తెలుగు కనబడేలా చేసింది ఈ కార్డే. పక్కన ఫ్లాపీలుంటే వాటినీ తెండి. అందులోని తెలుగు ఇస్కీలో (భారతీయ భాషల పాత కోడ్‌లో) ఉంటుంది, యూనికోడ్‌లోకి మార్చుకోవచ్చు.

ఫొటో పంపేటప్పుడు కార్డు రెండు వైపులా, సాకెట్ ఉన్న అంచు, జంపర్లు, స్విచ్చులు దగ్గర్నుంచి కనబడాలి. మానిటర్ ఉంటే దాని వెనక లేబుల్ కూడా. జవాబు వచ్చేదాకా పవర్ ఇవ్వకండి.