లినక్స్ కదా, ఏమీ కాదులే: అపోహలు - వాస్తవాలు

ఒంగోలు, కావలి చుట్టుపక్కల ఇళ్లల్లో కంప్యూటర్లకి విండోస్ బదులు లినక్స్ ఎక్కించి ఇవ్వడం నా పని. ఫైబర్ నెట్ పెట్టించుకున్నవాళ్ల దగ్గర తరచూ వినే మాటలివి.

అపోహ: లినక్స్‌కి వైరస్ రాదు, ఇంకేం భయం?

వాస్తవం: విండోస్ వైరస్‌లు దీనిమీద నడవవు, నిజమే. ఇంటి లినక్స్‌కి అసలు చేటు తెరిచి వదిలేసిన పోర్టు (నెట్ నుంచి పీసీలోకి వచ్చే తలుపు), తేలికైన పాస్‌వర్డ్. 2016లో మిరాయ్ బాట్‌నెట్ (దొంగచాటుగా లొంగదీసుకున్న పరికరాల దండు) లక్షల కెమెరాలను, రౌటర్లను పట్టేసింది. వాటిలో నడిచేది లినక్సే. ఫ్యాక్టరీ పాస్‌వర్డ్‌ల చిట్టా ఒకటి పెట్టుకుని లోపలికి దూరింది, అంతే.

అపోహ: "అన్నా, సింగరాయకొండలో మా ఇంటి కంప్యూటర్ ఎవడిక్కావాలి?"

వాస్తవం: ఊరూ పేరూ ఎవడూ చూడడు. ప్రోగ్రాములు ఐపీ అడ్రసులను వరసబెట్టి తడుముకుంటూ పోతాయి. రొయ్యల గుంటల కెమెరాలను ఇంట్లో ఉబుంటు (లినక్స్‌లో ఒక రకం) పీసీలో రికార్డు చేసుకునే రైతు ఒకాయన, చెరువు గట్టు నుంచి చూసుకోవడానికి రౌటర్‌లో 22 పోర్టు (దూరం నుంచి పీసీని నడిపే ఎస్‌ఎస్‌హెచ్‌ది) తెరిపించారు. లాగ్ (ఎవరెవరు లోపలికి రాబోయారో పీసీ రాసుకునే చిట్టా) తీస్తే స్క్రీన్ నిండా 'ఫెయిల్డ్ పాస్‌వర్డ్ ఫర్ రూట్'. రూట్ అంటే అన్ని అధికారాలూ ఉన్న ఖాతా. కిందికి పోతే అడ్మిన్, టెస్ట్, ఒరాకిల్ అని ఏవేవో పేర్లు. ఆయన పేరు మాత్రం ఎక్కడా లేదు. వాళ్లక్కావలసింది ఆయన ఫొటోలు కాదు. ఆయన కరెంటుతో క్రిప్టో మైనింగ్, ఆయన కనెక్షన్‌తో ఇంకొకరి మీద దాడి. 22 మూసేసి వైర్‌గార్డ్ అనే వీపీఎన్ (కీ ఉన్నవాళ్లకే తెరుచుకునే సొంత దారి) పెట్టాం. కీ లేనివాడు ఎంత తట్టినా అది పలకదు.

అపోహ: రౌటర్ ఉందిగా, ఫైర్‌వాల్ (బయటి నుంచి వచ్చేవాటిని ఆపే కాపలా) దేనికి?

వాస్తవం: సగం నిజం. పాత రకం అడ్రసులైన ఐపీవీ4లో నాట్ (ఇంట్లో అన్నిటికీ బయటికి ఒకే అడ్రసు) వల్ల బయటివాడు నేరుగా రాలేడు. కొత్త రకం ఐపీవీ6లో మాత్రం మీ పీసీకి సొంతంగా బయటి అడ్రసే ఉంటుంది. రౌటర్ ఫైర్‌వాల్ ఆపితే ఆపినట్టు, లేకపోతే లేదు. ఉబుంటులో యూఎఫ్‌డబ్ల్యూ అనే ఫైర్‌వాల్ ఉంటుంది గానీ ఆఫ్‌లో ఉంటుంది. టెర్మినల్‌లో 'సుడో యూఎఫ్‌డబ్ల్యూ ఎనేబుల్' (sudo ufw enable) కొట్టండి చాలు. (ఎస్‌ఎస్‌హెచ్‌లో దూరం నుంచి కొట్టేవాళ్లు ముందు ఎస్‌ఎస్‌హెచ్‌ని అలో చేసుకోండి. లేదంటే బండేసుకుని ఇంటికి పోవాల్సిందే.) తర్వాత ఏ పోర్టులు వింటున్నాయో 'ఎస్‌ఎస్' (ss) కమాండ్‌తో చూడండి. 127.0.0.1 అని ఉంటే ఆ పీసీ వరకే. 0.0.0.0 అని ఉంటే నెట్‌వర్క్ నుంచి ఎవరైనా అడగొచ్చు; అది ఎందుకు నడుస్తోందో తెలియకపోతే ఆపేయండి.

అపోహ: అప్‌డేట్ కొడితే సిస్టం పాడవుతుంది.

వాస్తవం: ఎప్పుడో ఒకసారి అవుతుంది. అప్‌డేట్ కొట్టకపోతే మిగిలిపోయే పాత లోపం మాత్రం అందరికీ తెలిసిపోయి ఉంటుంది. ఉబుంటు 20.04 మామూలు సపోర్టు 2025 మేలోనే అయిపోయింది. ఇప్పట్లో మార్చలేమంటే ఉబుంటు ప్రో (ఇంకొన్నేళ్లు భద్రతా అప్‌డేట్లు ఇచ్చే పథకం) తీసుకోండి. సొంత వాడకానికి 5 మెషిన్ల దాకా ఉచితమే.