ముంపులో ఊపిరి బిగబట్టే వరి

వరి నీటిలో పెరిగే పైరే అయినా నిలువునా మునిగితే బతకదు. వాయువులు గాలిలో కంటే నీటిలో దాదాపు 10,000 రెట్లు నెమ్మదిగా కదులుతాయి. అందుకే మునిగిన మొక్కకు ఆక్సిజన్ సరిగా అందదు, లోపల తయారయ్యే ఇథిలీన్ అనే వాయువు బయటికి పోదు. ఆ ఇథిలీన్ పోగుపడగానే మొక్క తాను దాచుకున్న పిండిపదార్థాన్నంతా ఖర్చుపెట్టి, నీటిపైకి తల ఎత్తాలని ఆకులను, కాడలను సాగదీస్తుంది. నీరు నెలల తరబడి నిలిచే బంగ్లాదేశ్ లోతట్టు నేలల్లోని సంప్రదాయ రకాలను ఈ గుణమే కాపాడుతుంది. పది పన్నెండు రోజుల్లో తీసే వరదలో మాత్రం అదే చేటు. నీరు దిగేసరికి మొక్క సత్తువంతా ఉడిగిపోయి బురదలో వాలిపోతుంది.

ఒడిశా నాటు రకాల్లోంచి ఎంపిక చేసిన ఎఫ్‌ఆర్ 13ఎ అనే రకం దీనికి పూర్తిగా భిన్నం. మునగగానే ఎదుగుదల ఆపేస్తుంది, ఉన్న శక్తిని పొదుపు చేసుకుంటుంది, నీరు తీశాక మళ్ళీ చిగురిస్తుంది. అయితే దిగుబడి తక్కువ. మామూలు సంకరణంతో దాని ఓర్పును మేలు రకాలకు తేవాలని చూస్తే, అక్కరలేని గుణాలూ వెంట వచ్చేవి. 1996లో శాస్త్రవేత్తలు కెనాంగ్ షు, డేవిడ్ మాకిల్ ఆ ఓర్పుకు మూలం 9వ క్రోమోజోములో ఉందని గుర్తించారు. 2006లో వారు పమేలా రొనాల్డ్ తదితరులతో కలిసి అసలు జన్యువు సబ్1ఎ అని తేల్చారు.

దాన్ని ఏ రకంలోకి ఎక్కించాలి? రైతులు అప్పటికే ఇష్టపడుతున్న రకంలోకే. ఈ నిర్ణయం ఎంతో తెలివైనదని నా అభిప్రాయం. పశ్చిమ గోదావరి జిల్లా మారుటేరు పరిశోధన కేంద్రంలో వశిష్ట, మసూరి రకాల సంకరంతో పుట్టిన స్వర్ణ, అంటే ఎంటీయూ 7029, తెలుగు నేల దాటి ఒడిశా, బెంగాల్, బంగ్లాదేశ్‌ల దాకా పాకిపోయింది. దాన్నే ఎఫ్‌ఆర్ 13ఎ నుంచి వచ్చిన ఒక వంగడంతో కలిపి, ఆ సంతతిని మళ్ళీ మళ్ళీ స్వర్ణతోనే సంకరం చేశారు. ప్రతి తరంలోనూ నారు దశలోనే డీఎన్ఏ గుర్తులు చూసి, కావలసిన జన్యువు ఉన్న మొక్కలనే ఉంచారు. ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థలో సాగిన ఈ పనిని వివరించిన 2007 నాటి పత్రానికి మొదటి రచయిత సి.ఎన్. నీరజ. ఆమె హైదరాబాద్ వరి పరిశోధన సంస్థ శాస్త్రవేత్త. ఇది జన్యుమార్పిడి పంట కాదు. వరిలోంచి వరిలోకే, సంకరణం ద్వారానే జన్యువు చేరింది.

అలా పుట్టి 2009లో మన దేశంలో విడుదలైన స్వర్ణ సబ్‌-1 రెండు వారాల వరకు ముంపును తట్టుకుంటుంది. వరద లేని ఏడాది స్వర్ణతో సమానంగా పండుతుంది. ఒడిశాలో కొందరు రైతులకు 5 కిలోల చొప్పున విత్తనం ఇచ్చి ఆర్థికవేత్తలు పరిశీలించారు. 10 రోజులు మునిగిన పొలాల్లో స్వర్ణ కంటే ఇది సుమారు 45 శాతం ఎక్కువ పండింది. పల్లపు భూములు ఎక్కువగా దళిత రైతుల చేతిలో ఉన్నందున, ఈ మేలు వారికే ఎక్కువగా అందుతుందనీ తేలింది.

ఆ పరిశోధనలోనే నన్ను అన్నిటికన్నా ఆకట్టుకున్న సంగతి మరొకటుంది. ఈ విత్తనం వేసిన రైతులు ఎరువు ఎక్కువ వాడారు, వెదజల్లడం తగ్గించి నాట్లు వేశారు, విస్తీర్ణం పెంచారు, పంట రుణమూ ఎక్కువగా వాడుకున్నారు. ఈ పద్ధతుల సంగతి వారికి ముందే తెలుసు. ఒక్క వరదకు పెట్టుబడంతా కొట్టుకుపోతుందన్న భయమే ఇన్నాళ్ళూ వారి చేతులు కట్టేసింది. పేద రైతు కొత్త పద్ధతులకు ముందుకు రాకపోతే దాన్ని అజ్ఞానమనడం అన్యాయం. తిండిగింజలు పోగొట్టుకునే స్థోమత లేనివాడికి ఆ జాగ్రత్త చాలా సబబైనది.

ఈ రకానికీ పరిమితులున్నాయి. నీరు రెండు వారాలు దాటితే పైరు నిలవడం కష్టం, బురద నీరైతే ఇంకా ముందే దెబ్బతింటుంది. కోతకొచ్చిన చేను తుపానుకు పడిపోతే సబ్1ఎ ఏమీ చేయలేదు.

ఇది ఏటా కొత్తగా కొనాల్సిన హైబ్రిడ్ విత్తనం కాదు కనుక రైతు తన పంటలోంచే విత్తనం దాచుకోవచ్చు, పక్కవాడికీ ఇవ్వవచ్చు. కానీ ఒడిశాలోనే జరిగిన మరో అధ్యయనంలో ఆ చేతిమార్పు ఎక్కువగా సొంత కులం, బంధువుల మధ్యే ఆగిపోయింది. ఇంటింటికీ తిరిగి అమ్మినప్పుడు అంతకంటే చాలా ఎక్కువమంది కొన్నారు. కొందరు ఆదర్శ రైతులకు విత్తనం ఇచ్చి, మిగతా ఊరికి అదే చేరుతుందని వదిలేసే పథకాలను మార్చాలి. పల్లపు పొలాలున్న రైతుల గడపకే విత్తన సంచి వెళ్ళాలి.