లంబం అంటే నిలువు గీత కాదు

జవాబు పత్రాలు దిద్దిన ప్రతిసారీ ఇదే తప్పు ఎదురవుతుంది. త్రిభుజానికి ఎత్తు గీయమంటే చాలామంది పిల్లలు శీర్షం నుంచి పేజీ అడుగుకి నిలువుగా ఒక గీత దించేస్తారు, భూమిగా తీసుకున్న భుజం ఏటవాలుగా ఉన్నా సరే.

అపోహ: లంబం అంటే నిలువుగా ఉండేది.

వాస్తవం: లంబం అన్నాక రెండు గీతలు ఉండాలి. వాటి మధ్య కోణం 90 డిగ్రీలైతే ఒకదానికొకటి లంబం. పేజీని ఎటు తిప్పినా అది మారదు. "ఈ గీత లంబం" అని ఎవరైనా అంటే "దేనికి?" అని అడగండి. పుస్తకంలో మొదటి బొమ్మ ఎప్పుడూ అడ్డగీత మీద నిలువుగీతే, ⊥ గుర్తూ అలాగే ఉంటుంది. ఇక పిల్లలను ఏమనగలం? "భూమి" కూడా అడుగునే ఉండాలని లేదు, మూడు భుజాల్లో ఏదైనా భూమి కావచ్చు. భుజాలు 6, 8, 10 ఉన్న లంబకోణ త్రిభుజం వైశాల్యం 24. 10ని భూమిగా తీసుకుంటే ఎత్తు 4.8, వైశాల్యం మళ్లీ 24.

"ఎత్తు త్రిభుజం బయట గీస్తే మార్కులు కోస్తారు" అనే మాట ఎవరు పుట్టించారో గానీ, అది పచ్చి అబద్ధం. అధిక కోణ త్రిభుజంలో (ఒక కోణం 90 డిగ్రీలు దాటినది) రెండు ఎత్తులు బయటే పడతాయి. భూమిని పొడిగించి గీయాలి, అంతే. ఒక అమ్మాయి సరిగ్గా అలాగే గీసి, మళ్లీ చెరిపేసింది. చెరిపిన జాడ పేపర్ మీద కనిపిస్తోంది. పిలిచి అడిగితే "బయటికి వచ్చేసింది కదా సార్, భయమేసింది" అంది. ప్రాణం ఉసూరుమంది. లెక్కలంటే టెన్షన్ పడే పిల్లలే ఇలాంటి పుకార్లను ముందు నమ్ముతారు.

పై తరగతుల్లో నష్టం ఇంకా ఎక్కువ. వాలు తలం మీద ఉన్న వస్తువుకి అభిలంబ బలాన్ని, అంటే తలం వస్తువును తన నుంచి బయటికి నెట్టే బలాన్ని, నిట్టనిలువుగా గీసేస్తారు. అది తలానికి లంబంగా ఉండాలి. మామూలు లెక్కల్లో దాని విలువ బరువు ఇంటూ కాస్ థీటా (థీటా అంటే తలం వాలు కోణం). వాలు 60 డిగ్రీలైతే బరువులో సగమే. నిలువుగా గీశారంటే బరువూ అదీ ఒకే గీత మీదకి వచ్చేసి, వస్తువు ఎందుకు జారుతుందో కూడా అర్థం కాదు.

మిగతావి చిన్నవే. లంబ రేఖల వాలుల లబ్ధం −1 అన్న సూత్రం అడ్డగీత, నిలువుగీత జంటకు పనికిరాదు, నిలువుగీతకు వాలు నిర్వచించలేం కాబట్టి. గ్రాఫ్‌లో రెండు అక్షాల స్కేలు వేరైతే ఏటవాలుగా ఉన్న లంబ రేఖలు కంటికి లంబంగా కనిపించవు.

ఇంట్లో చేయించాల్సింది ఒకటే. త్రిభుజాన్ని ఏటవాలుగా గీసి, మూడు ఎత్తులూ మూలమట్టంతో గీయించండి. లంబకోణాన్ని ఆనుకున్న ఒక అంచు భూమికి ఆనించి, రెండో అంచు శీర్షానికి తగిలేదాకా జరపాలి.