కళ్లంలో పంపకం: గోదావరి గ్యాస్ ఒప్పందాల వెనక కథ

కోనసీమలో చేను కౌలుకివ్వడం రెండు రకాలు. మక్తాకైతే ఎకరాకి ఇన్ని బస్తాలని ముందే మాటనుకుంటారు. పండినా తుపానుకి పోయినా ఆ బస్తాలు కొలవాల్సిందే. పాలుకైతే కళ్లంలో రాశి పోశాకే లెక్క. ఎరువులకీ కోతలకీ అయిన ఖర్చు ముందు తీసేసి, మిగిలింది ఇద్దరూ పంచుకుంటారు. మక్తాలో పేచీలు తక్కువ. పాలులో మాత్రం ఏటా ఒకచోటే వస్తాయి: ‘ఖర్చు పోను’ అన్న దగ్గర. ఆ ఖర్చు ఎవరు రాశారు, ఎవరు చూశారు, అంత ఎందుకయింది?

గోదావరి ముఖద్వారం దగ్గర సముద్రం అడుగునుంచి వచ్చే చమురూ గ్యాసూ గురించి ఇరవై ఏళ్లకి పైగా కోర్టుల్లో నలుగుతున్నది చాలావరకు ఈ పేచీయే. పేపర్లలో వేల కోట్ల అంకెలు వస్తాయి కాబట్టి మనకి అందని వ్యవహారంలా కనిపిస్తుంది. కాగితం విప్పి చూస్తే పాలు కౌలే. ప్రభుత్వం భూస్వామి, కంపెనీ కౌలుదారు.

ముందు చట్టం సంగతి కొంచెం చెప్పుకోవాలి. బొగ్గు, ఇనుము, ఇసుక లాంటివాటికి 1957 నాటి గనుల చట్టం ఉంది. ఆ చట్టంలో ఖనిజం అనే మాటకి ఇచ్చిన నిర్వచనంలోనే ‘ఖనిజ నూనెలు తప్ప’ అని ఉంది. చమురు, గ్యాసులకి 1948 నాటి చమురు క్షేత్రాల చట్టం, దాని కింద చేసిన నియమాలు వర్తిస్తాయి. నేల మీద బావి తవ్వాలంటే లీజు ఇచ్చేది రాష్ట్రం, దానికి కేంద్రం ముందస్తు అనుమతి ఉండాలి. సముద్రంలోనైతే రాజ్యాంగం 297వ అధికరణం ప్రకారం అంతా కేంద్రానిదే. అందుకే నేల మీది బావుల రాయల్టీ రాష్ట్రానికి వస్తుంది, తీరం దాటిన బావులది ఢిల్లీకి పోతుంది. 2015లో గనుల చట్టాన్ని సవరించి, గనుల వల్ల నష్టపోయిన ఊళ్ల కోసం జిల్లా ఖనిజ నిధి పెట్టారు. చమురు ఆ చట్టంలో లేదు గనక ఆ నిధి గ్యాస్ బావులకి వర్తించదు. ఎప్పుడో 1957లో రాసిన ‘తప్ప’ అన్న ఒక్క మాట ఫలితం అది.

మా వైపు నర్సాపురం దగ్గర ఓఎన్‌జీసీ 1978లో బావి తవ్వడంతో ఈ కథ మొదలైంది. ఆ తర్వాత రాజోలు, పాశర్లపూడి, తాటిపాక పేర్లు గ్యాసుతో కలిసి వినిపించసాగాయి. ఆ రోజుల్లో ప్రభుత్వానికీ ప్రభుత్వ సంస్థకీ మధ్య పంపకాల ఒప్పందం అవసరం రాలేదు. రైతుతో ఒప్పందం మరీ చిన్నది. బావి కోసం తీసుకున్న నేలకీ, కొట్టేసిన కొబ్బరి చెట్లకీ డబ్బు లెక్కగట్టి ఇస్తారు. కింద దొరికినదాంట్లో వాటా అన్న మాట అందులో ఉండదు. గొట్టం వేసే చోట అసలు ఒప్పందమే అక్కర్లేదు. 1962 నాటి పైపులైన్ల చట్టం కింద నోటిఫికేషన్ ఇస్తే చాలు, ఆ నేలని వాడుకునే హక్కు వచ్చేస్తుంది. భూమి రైతు పేరునే ఉంటుంది. హక్కుకి ఇచ్చేది ఆనాటి మార్కెట్ విలువలో 10 శాతం. ఆ పట్టీలో ఇల్లు కట్టకూడదు, చెరువో బావో తవ్వకూడదు, చెట్టు నాటకూడదు. కొబ్బరి మీద బతికే ఊళ్లో చెట్టు నాటకూడదంటే దాని విలువ పదో వంతుతో ఎలా తీరుతుందో ఆ చట్టం రాసినవాళ్లకి తట్టినట్టు లేదు.

పంపకాల కాగితం 1990లలో వచ్చింది. 1991 విదేశీ మారకద్రవ్య సంక్షోభం తర్వాత, ఓఎన్‌జీసీ అప్పటికే కనిపెట్టిన కొన్ని క్షేత్రాలని ప్రైవేటు కంపెనీలకి ఇవ్వాలని కేంద్రం నిర్ణయించింది. వాటిలో ఒకటి రవ్వ. 1987లో ఓఎన్‌జీసీకి దొరికిన క్షేత్రం ఇది. అక్కడి చమురు ఒడ్డుకు చేరేది ఉప్పలగుప్తం మండలం సూరసాని యానంలో. 1994 అక్టోబర్ 28న 25 ఏళ్లకి ఉత్పత్తి పంపిణీ ఒప్పందం కుదిరింది. ఓఎన్‌జీసీకి 40 శాతం, మిగతాది వీడియోకాన్, కమాండ్ పెట్రోలియం, రవ్వ ఆయిల్ కంపెనీలకి. కమాండ్ వాటా తర్వాత కెయిర్న్‌కి, అక్కణ్ణుంచి వేదాంతకి చేరింది.

ఈ ఒప్పందంలో తగవులు తీర్చే భాగం చదివితే విడ్డూరంగా ఉంటుంది. చమురు మన తీరానిది. ఒప్పందానికి భారత చట్టం వర్తిస్తుంది. మధ్యవర్తిత్వానికి మాత్రం ఇంగ్లండు చట్టం. పంచాయితీ కూర్చునేది మలేసియాలోని కౌలాలంపూర్‌లో. విదేశీ కంపెనీలకి మన కోర్టుల జాప్యం భయం, మనకి వాళ్ల ఊరి కోర్టు మీద అనుమానం. అందుకని ఎవరిదీ కాని ఊరు ఎంచుకున్నారు. ఆ రోజుల్లో అలా రాసుకోవడం మామూలే.

అనుకోనిది 2003లో జరిగింది. లెక్కల మీద తగాదా వచ్చి విచారణకి తేదీ పడింది. ఇంతలో ఆసియాలో సార్స్ జ్వరం వ్యాపించింది. కౌలాలంపూర్ వెళ్లడం కుదరదని విచారణని ముందు ఆమ్‌స్టర్‌డామ్‌కి, తర్వాత లండన్‌కి మార్చారు. అప్పటికి అందరూ సరేనన్నారు. తీర్పు వచ్చాక అసలు ప్రశ్న లేచింది: కూర్చునే చోటు మాత్రమే మారిందా, చట్టం దృష్టిలో మధ్యవర్తిత్వ పీఠం, అంటే ఆ పంచాయితీకి చట్టపరమైన ఊరు, కూడా లండన్‌కి మారిపోయిందా? పీఠం ఏ దేశంలో ఉంటే తీర్పుని సవాలు చేసే హక్కు ఆ దేశపు కోర్టుల్లో ఉంటుంది కాబట్టి ఇది చిన్న విషయం కాదు. ఇటు కేంద్ర ప్రభుత్వం ఢిల్లీ హైకోర్టుకీ వెళ్లింది. 2011 మే 11న సుప్రీంకోర్టు తేల్చింది. ఒప్పందంలో ఏ మార్పయినా అన్ని పక్షాలూ రాతపూర్వకంగా సంతకాలు చేస్తేనే చెల్లుతుందని అందులోనే ఉంది, అలాంటి కాగితం లేదు, కాబట్టి పీఠం కౌలాలంపూరే అంది. మధ్యవర్తిత్వానికి ఇంగ్లండు చట్టం ఒప్పుకున్నాక ఢిల్లీ కోర్టు కలగజేసుకోవడం కుదరదనీ చెప్పింది. జ్వరం వచ్చి ఊరు మారినందుకు ఎనిమిదేళ్లు వ్యాజ్యం నడిచింది. ఆ రోజు అందరూ కలిసి ఒక పేజీ మీద సంతకం పెట్టుకుని ఉంటే ఇంత ఉండేది కాదు.

రవ్వ రెండో తగాదా అచ్చంగా కళ్లం తగాదా. అభివృద్ధి ఖర్చుకి ఒప్పందంలో పరిమితి ఉంది: 18.9 కోట్ల డాలర్లు, పైన 5 శాతం. కంపెనీలు 49.9 కోట్లు అయిందన్నాయి. పరిమితి దాటింది రాశిలోంచి తీయకూడదని ప్రభుత్వం, పని పెరిగింది కాబట్టి తీసుకుంటామని కంపెనీలు. 2011లో మధ్యవర్తులు దాదాపు 27.8 కోట్ల డాలర్లకి ఒప్పుకున్నారు. దాన్ని ఇక్కడ అమలు చేయొచ్చని సుప్రీంకోర్టు చెప్పేసరికి 2020 సెప్టెంబర్ వచ్చింది.

ఇక కృష్ణా-గోదావరి సముద్ర తీరంలోని కేజీ డీ6. కొత్త అన్వేషణ లైసెన్సింగ్ విధానం మొదటి వేలంలో వచ్చిన బ్లాకు ఇది. 2000 ఏప్రిల్‌లో ఒప్పందం, రిలయన్స్‌కి 90 శాతం, కెనడా కంపెనీ నికోకి 10. 2002లో గ్యాస్ దొరికింది, 2009 ఏప్రిల్‌లో తాళ్లరేవు మండలం గాడిమొగ దగ్గర ఒడ్డెక్కింది. రవ్వలోలాగా ఇందులో ఖర్చుకి పరిమితి లేదు. దాని బదులు ఒక సూత్రం పెట్టారు. పెట్టుబడి ఎన్ని రెట్లు వెనక్కి వచ్చిందో చూసి, రెట్లు పెరిగేకొద్దీ ప్రభుత్వ వాటా పెంచుతారు. వినడానికి న్యాయంగానే ఉంది. కానీ ఖర్చు ఎక్కువ చూపిస్తే ఆ రెట్లు తగ్గుతాయి, ప్రభుత్వ వాటా పెరగడం ఆలస్యమవుతుంది. 2004లో సుమారు 240 కోట్ల డాలర్లన్న ప్రణాళిక 2006లో 880 కోట్లు దాటింది. ఉత్పత్తి లక్ష్యాన్ని కూడా రోజుకి 4 కోట్ల ఘనపు మీటర్ల నుంచి 8 కోట్లకి పెంచారు. 2011లో ప్రభుత్వ లెక్కలు తనిఖీ చేసే కాగ్ ఈ పద్ధతినే తప్పుపట్టింది. ఉత్పత్తి ఆ లక్ష్యాన్ని అందుకోకముందే 2010 నుంచి పడిపోతూ వచ్చింది. అనుకున్నన్ని బావులు తవ్వలేదు కాబట్టి కొంత ఖర్చు ఒప్పుకోమని ప్రభుత్వం అంది. ఉత్పత్తి తగ్గితే ఖర్చు కోయొచ్చని ఒప్పందంలో ఎక్కడుందని కంపెనీ అడిగింది. నా ఉద్దేశంలో ఆ ప్రశ్న సబబే. అలాంటి మాట రాయకపోవడం భూస్వామి తప్పు.

ఇదే గ్యాస్ మీద అంబానీ అన్నదమ్ముల (అన్న ముకేశ్, తమ్ముడు అనిల్) తగాదా కూడా నడిచింది. 2005 కుటుంబ ఒప్పందం ప్రకారం యూనిట్‌కి 2.34 డాలర్లకి ఇవ్వాలని తమ్ముడి కంపెనీ, ప్రభుత్వం ఒప్పుకున్న ధర 4.20 అని అన్న కంపెనీ. ఇంట్లో రాసుకున్న కాగితం ప్రభుత్వంతో చేసుకున్న ఒప్పందం కంటే పైన ఉండదని 2010 మే 7న సుప్రీంకోర్టు చెప్పింది.

మూడోది గట్టు కింద ఊట లాంటిది. పక్కనున్న ఓఎన్‌జీసీ బ్లాకులోంచి గ్యాస్ భూగర్భంలో డీ6 వైపు వచ్చిందని 2013 నుంచి వివాదం. వచ్చిందని నిపుణుల నివేదిక తేల్చింది. అయితే అలా వచ్చినదాన్ని తీసుకోవడానికి ఒప్పందం ఒప్పుకుంటుందా లేదా అన్నది అందులో నేరుగా లేదు. 2018లో మధ్యవర్తుల్లో ఇద్దరు కంపెనీ వైపు, ఒకరు ప్రభుత్వం వైపు తీర్పిచ్చారు. 2025 ఫిబ్రవరిలో ఢిల్లీ హైకోర్టు ధర్మాసనం ఆ తీర్పుని కొట్టేసింది. తర్వాత కేంద్రం 281 కోట్ల డాలర్లకి డిమాండ్ నోటీసు ఇచ్చింది.

ఇన్ని దెబ్బలు తిన్నాక 2016లో కేంద్రం పాలు పద్ధతే మార్చింది. కొత్త బ్లాకులకి ఖర్చుతో సంబంధం లేదు, రాశిలోంచి ముందే వాటా కొలవాలి. రంగరాజన్ కమిటీ 2012లోనే చెప్పిన మాట ఇది. మన భాషలో చెప్పాలంటే పాలు నుంచి సగం దూరం మక్తా వైపు జరిగారు. 2025లో చమురు చట్టాన్ని సవరించి ‘మైనింగ్ లీజు’ అన్న పేరు తీసేసి ‘పెట్రోలియం లీజు’ అని పెట్టారు.

పాత ఒప్పందాలు మాత్రం పాత మాటలతోనే ఉన్నాయి. రవ్వకి గడువు తీరాక ప్రభుత్వ వాటా 10 శాతం పెంచి, ఇంకో పదేళ్లు పొడిగించారు. అది 2029 అక్టోబర్‌తో అయిపోతుంది. ఇలాంటి ఒప్పందాల్లో ఎవరూ పెద్దగా పట్టించుకోని భాగం ఒకటుంది: పని ముగిశాక బావులు మూసి, సముద్రంలోని కట్టడాలు విప్పి, చోటుని మునుపటిలా చేసి వెళ్లడం. దానికి డబ్బు ముందునుంచే విడిగా ఒక ఖాతాలో వేయాలని 1999లో ఒక పథకం పెట్టారు. సూరసాని యానం వాళ్లు ఇప్పుడు చదవాల్సింది ఆ పేజీలనే.